నాలుగొందల పదమూడో అద్దం

బహుళ పాడ్యమి

ఇది నా సొంత చిట్టా. కొట్టంలో రాసే చిట్టా వేరే ఉంది. అందులో కడియం కొలత, అద్దం మందం, తొట్టిలో ఎన్ని గంటలు నిలిచింది, ఇవి తప్ప ఇంకో ముక్క రాయనివ్వరు. నాకేమో కలం పడితే చెయ్యి ఆగదు. పోయిన నెలదాకా గాలి కొలతల గదిలో పనిచేశాను, అక్కడా ఇదే గొడవ. "ఒలే నూకరత్నం, గాలి ఎంతున్నాదో రాయమన్నాం గానీ, గాలి గురించి నువ్వేటనుకుంటన్నావో రాయమన్లేదు" అని గాలిపెద్ద గురయ్య అందరి ముందూ కడిగేశాడు. అడుగూరులో గాలిపెద్ద మాటకి తిరుగులేదు. ఎవరింట్లోకి ఎంత గాలి వదలాలో చెప్పేది ఆయనే మరి. అందుకే ఈ చిట్టాని బియ్యం డబ్బాలో దాస్తున్నాను.

రేపు నా బతుకులో పెద్ద రోజు. ఏడో ఇంటి పెద్ద అద్దానికి కడియం అతికేది రేపే. అతికేది కారి అప్పయ్యమ్మత్త. ఆ కడియాన్ని పరీక్షించి ఆమె చేతికి అందించేది నేను! అతుకుల కొట్టంలోకి వచ్చి పదిహేను రోజులైంది. ఇప్పటిదాకా దానయ్య అతికే చిన్నచిన్న అద్దాలే చూశాను, దీపాలకీ కొలత గొట్టాలకీ వేసేవి. దానయ్య మంచి పనివాడే, కాదనను. కానీ ముప్పై బారల నీళ్ల అడుగున మనిషన్నవాడు బయటికి చూసే ప్రతి అద్దం, ఇళ్లకైనా నడవలకైనా నీటిబళ్లకైనా, అప్పయ్యమ్మత్త అతికినదే. నాలుగొందల పన్నెండు అద్దాలు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కటి కూడా కారలేదు. అలాంటి మనిషి ఇంకొకరుంటే తీసుకొచ్చి చూపించండి, నేను చిట్టా రాయడం మానేస్తాను.

ఏడో ఇంటి కోసం పదకొండు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. అందులో ఒకటి మా ఇంట్లోనే ఉంది. నా మంచం మీద వాళ్ల ముసలమ్మ పడుకుంటుంది, నేను బట్టల మూటల మధ్య పడుకుంటున్నాను. అద్దం అష్టమికల్లా సిద్ధం కావాలి. నీళ్ల వడి బాగా తగ్గేది అష్టమికే, మనుషులు బయటికెళ్లి అద్దాన్ని గోడలో కూర్చోబెట్టగలిగేది అప్పుడే. ఆ రోజు తప్పితే మళ్లీ పక్షం ఆగాలి. మా ఊళ్లో తేదీలతో పని లేదు. సముద్రం తిథుల ప్రకారం నడుస్తుంది, మేమూ దాని వెంటే.

విదియ

పొద్దున్నే గాలి జల్లెడ దులిపాను. రెప్పలకి ఆముదం రాసుకున్నాను. ఇళ్లలో గాలి ఎంత పొడి అంటే, ఆముదం రాయకపోతే మధ్యాహ్నానికి కళ్లలో ఇసక పోసినట్టుంటుంది. ముసలమ్మకి కరెంటు పొయ్యి మీద గంజి కాచి ఇచ్చి కొట్టానికి పరిగెత్తాను.

కడియమంటే అల్యూమినియం వలయం. చేటంత వెడల్పు, బరువు ఏమంత ఉండదు. కడుగుడు గదిలోంచి రాగానే తొడుగులేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, దీపం కింద మూడుసార్లు తిప్పి చూశాను. నలక లేదు, వేలిముద్ర లేదు, గీత లేదు. కళ్లకద్దుకుని అత్త చేతికిచ్చాను. తల ఎత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

"ఏటే నూకీ, పెళ్లిపీటల మీద కూకున్నట్టు సిగ్గుపడతన్నావు?" అంది అత్త.

అత్త కూర్చునే తీరే వేరు. ఎడమ కాలు మడిచి కిందేసుకుంటుంది, కుడి పాదం తొక్కుడుబిళ్ల మీద. ఎడమ అరచెయ్యి తిరుగుడు బల్ల అంచున ఆనించి ఉంటుంది. పైనుంచి కొమ్ము దిగుతుంది. దాని అసలు పేరు పెద్దది, పుస్తకాల్లో ఉంటుంది. చూడ్డానికి ఎద్దు కొమ్ములా చివరికి సన్నబడే ఉక్కు ముక్క కాబట్టి మేం కొమ్మనే అంటాం. సెకనుకి ఇరవై వేలసార్లు ఊగుతుంది. ఊగేదేమో వెంట్రుక మందంలో మూడో వంతు. కంటికి ఆనదు, చెవికి వినపడదు. మా ఊళ్లో నిప్పు నిషేధం, అది మా గాలి తినేస్తుంది. జిగురు వాడితే దాని వాసన మూసిన ఇంట్లో మనుషుల్ని తినేస్తుంది. నిప్పూ జిగురూ లేకుండా గాజునీ లోహాన్నీ కలపగలిగింది ఈ వణుకొక్కటే.

"అల్యూమినియం మీద కంటికి కనపడని తొక్కుంటాదే," అని చెప్పింది అత్త, పని ఆపకుండానే. "ఈ కొమ్ము దాన్ని రుద్ది రుద్ది సీల్చీస్తాది. తొక్కు పోయిందంటే లోపలి లోహం సిగ్గిడిసి గాజుని కరిసీసుకుంటాది. గాజుకి బిర్రెక్కువ, బయట ఉక్కు సట్రానికి పొగరెక్కువ. నడాన ఈ మెత్తంది సర్దుకుపోతాది. సంసారంలో ఎవలో ఒకలు సర్దుకోవాల కదేటి."

"మీ ఇంట్లో ఎవరు సర్దుకున్నారత్తా?"

"మీ మావయ్యే," అని నవ్వింది.

చుట్టూ తొంభై ఆరు పట్లు. ఒక్కో పట్టూ సెకను కూడా పట్టదు. ప్రతి పట్టుకీ అత్త అరచెయ్యి ఒక్క క్షణం బల్లని నొక్కి, "పట్టింది" అంటుంది, తనలో తను అనుకున్నట్టు. లోహం గాజుని పట్టుకున్న క్షణాన కొమ్ము వణుకు మారుతుందట, అది అరచేతికి తెలుస్తుందట. యంత్రానికున్న సూదికంటే ముందు ఆమెకి తెలుస్తుందని కొట్టంలో చెప్పుకుంటారు. ఆమె అతికేటప్పుడు సూదికేసి ఎవరూ చూడరు. తొంభై ఆరుసార్లు "పట్టింది" అంది. నేను నోరు తెరుచుకుని చూశాను. గుడ్డ కట్టుకుని ఉన్నాను కాబట్టి పరువు దక్కింది.

తర్వాత అద్దాన్ని ఒత్తిడి తొట్టిలో పెట్టాం. వెనక వైపునుంచి గాలి ఎక్కిస్తే, అతుకులో సందుంటే బుడగలొస్తాయి.

బుడగలొచ్చాయి. రెండు చోట్ల, రెండు సన్నటి వరసలు.

దానయ్య తొట్టి గాజుకి ముక్కు ఆనించి చూశాడు. అత్త మటుకు, "నా సెయ్యికి పట్టినట్టే తెలిసినాది," అంది. అంతే. నేను బుడగల మధ్య దూరం కొలిచి కొట్టం చిట్టాలో రాశాను. ఆరున్నర సెంటీమీటర్లు. ఇంటికొచ్చి తిండి తినలేదు.

చవితి

నిన్నంతా అద్దం మార్చడానికీ కొమ్ము చివర అరిగిందేమో చూడ్డానికీ సరిపోయింది. అరగలేదు. ఇవాళ కొత్త అద్దం, కొత్త కడియం. కడుగుడు గదిలో వాళ్ల నెత్తిన నిలబడి రెండుసార్లు కడిగించాను. దీపం కింద ఐదుసార్లు చూశాను. ఈసారైనా నిలబడాలని మనసులో మొక్కుకుని, కడియాన్ని కళ్లకద్దుకుని అత్తకి అందించాను.

తొంభై ఆరు "పట్టింది"లు. మళ్లీ రెండు బుడగల వరసలు. చోటు వేరు, విదియనాడు వచ్చినవి పైన, ఇవాళ్టివి పక్కన. కానీ మధ్య దూరం కొలిస్తే ఆరున్నరే.

దీనికి తోడు దానయ్య పుల్ల ఒకటి. అదే మోపులో చిన్న కడియాలతో మధ్యాహ్నం నాలుగు దీపం అద్దాలు అతికాడు. పరీక్షించి అతనికిచ్చింది కూడా నేనే. నాలుగూ నిలిచాయి.

"సామాన్లో తప్పులేదు, కొమ్ములో తప్పులేదు," అన్నాడు దానయ్య, పళ్లు కుట్టుకుంటూ. "ఇంక మిగిలింది ఏటో నాను సెప్పను."

చెప్పనంటూనే చెప్పేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ అద్దాలన్నీ కలిపినా అత్త అద్దంలో ముక్కంత లేవు, నువ్వా మాటాడేది?" అన్నాను. అత్త నన్నే కసిరింది. "ఉన్నమాట అన్నాడే. ఆడినెందుకు తిడతావు?"

మూడుసార్లు వరసగా కారితే చెయ్యి దించేస్తారు. ఊరు పుట్టినప్పటి కట్టుబాటు ఇది. అతికే మనిషి కొట్టంలో అందరి ముందూ తొడుగులు విప్పి గాలిపెద్ద చేతికివ్వాలి, మళ్లీ జన్మలో కొమ్ము కింద చెయ్యి పెట్టకూడదు. తప్పేం లేదు, మూడోసారీ కారే చెయ్యిని నమ్మి ఎవరూ నీళ్ల కింద నిద్రపోలేరు. కానీ ఆ చెయ్యి అప్పయ్యమ్మత్తది! ఇప్పటికి రెండయ్యాయి. ఆమె చెయ్యి దింపితే నేను చూసి తట్టుకోలేను.

పంచమి

అయిపోయింది. మూడోది కూడా కారింది.

ఏం చెయ్యలేదు మేం? కొమ్ము మార్చాం. కడియాన్ని వేరే మోపులోంచి తీశాం. బల్ల సమంగా ఉందో లేదో నీళ్లు పోసి చూశాం. అత్త పొద్దున ఏమీ తినకుండా వచ్చింది. నేను కడియాన్ని బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి, కళ్లకద్దుకుని ఇచ్చాను. ఆమె ఒక్కో పట్టుకీ ఆగి, ఊపిరి బిగబట్టి, అరచెయ్యి ఆనించి విని, "పట్టింది" అంది. ఒక్కసారి కూడా తడబడలేదు.

రెండు వరసలు. ఆరున్నర సెంటీమీటర్లు.

గురయ్య వచ్చి తొట్టి చూశాడు. ఆయన కటువు మనిషే గానీ ఇవాళ మెత్తగానే మాట్లాడాడు. "అప్పయ్యా, నానేటి సెయ్యనమ్మా. కట్టుబాటు. సప్తమినాడు సెయ్యి దించుదుము. అష్టమినాడు దానయ్య అతుకుతాడు."

"పెద్దద్దం ఎప్పుడూ అతకలేదు నాను," అన్నాడు దానయ్య. వాడి మొహంలో సంతోషం ఉంటుందని చూశాను. భయమే ఉంది.

అత్త తొట్టి దగ్గరే నిలబడింది. "నా సెయ్యి పట్టిందనే సెప్పినాది," అని మళ్లీ అంది. ఆ మాట మాకెవరికీ చెప్పడం లేదు. తన చేతికేసి చూస్తూ, దాన్నే నిలదీస్తున్నట్టు అంది. నాకు ఏడుపు ఆగలేదు.

షష్ఠి

ఇవాళ కొట్టానికి సెలవు పెట్టాను. అత్తని కాపాడే ఆధారం ఏదో ఒకటి ఈ చిట్టాలో దొరక్కపోతుందా అని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను. మూడు కడియాలకీ ఉమ్మడిగా ఏముంది? కడిగినవాళ్లు వేరు. మోపులు వేరు. మూడోసారికి కొమ్మే వేరు. బుడగల చోట్లు వేరు, మధ్య దూరం మాత్రం ఒకటే. ఆరున్నర సెంటీమీటర్లున్నదేదో ప్రతి కడియానికీ తగులుతోంది.

మూడోసారి చదువుతుంటే కనపడింది. నా రాతలోనే ఉంది.

విదియ: "కళ్లకద్దుకుని అత్త చేతికిచ్చాను." చవితి: "కడియాన్ని కళ్లకద్దుకుని అత్తకి అందించాను." పంచమి: "కళ్లకద్దుకుని ఇచ్చాను." దానయ్య కడియాల దగ్గర ఆ మాట లేదు. వాటిని ఊరికే ఇచ్చాను.

మాటవరసకి రాసిన మాట కాదది. నిజంగానే కళ్లకద్దుకున్నాను. పుస్తకం కింద పడితే, కొత్త పనిముట్టు చేతికొస్తే, ఎవరైనా ప్రసాదం పెడితే మనం చెయ్యమా? అలాగే చేశాను. చేతులకి తొడుగులున్నాయి, మూతికి గుడ్డ ఉంది. రెప్పలకి మాత్రం ఆముదం ఉంది. దీపం కింద చూడ్డం అయిపోయాక, అత్తకిచ్చేముందు, రెండు రెప్పలూ కడియానికి ఆనించాను. కంటికి కనపడనంత పల్చటి నూనె రెండు చోట్ల. కొమ్ము ఆ నూనె మీద రుద్దుకుంటూ పోయింది, లోహానికి గాజు అందలేదు.

మొహం చూసుకునే అద్దం ముందు నిలబడి కొలబద్దతో నా కళ్ల మధ్య దూరం కొలుచుకున్నాను. ఎంతొచ్చిందో రాయక్కర్లేదు.

ఎవరి కడియాన్ని కళ్లకద్దుకున్నానో ఆమె కడియమే కారింది. నేను గౌరవం ఇవ్వని దానయ్య అద్దాలు శుభ్రంగా నిలబడ్డాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. మా ఇంట్లో ముసలమ్మ భయపడి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

రేపు చెప్పెయ్యాలి. చెప్తే నా సంగతేమిటో కూడా నాకు తెలుసు. పరీక్షించిన కడియానికి మచ్చ పెట్టిన మనిషిని మళ్లీ కడియం ముట్టనివ్వరు, తెలిసి చేసినా తెలియక చేసినా. పదిహేనేళ్లు అడిగి అడిగి తెచ్చుకున్న పని ఇది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఇవాళ సాయంత్రం ఒక గంటసేపు చెప్పకూడదనే అనుకున్నాను. అది కూడా చిట్టాలో ఉండాలి.

సప్తమి

కొట్టం నిండా జనం. అత్త ఉతికిన చీర కట్టుకుని, తొడుగులు వేసుకుని వచ్చింది. గురయ్య గొంతు సవరించుకోగానే నేను లేచి మొత్తం చెప్పేశాను. ఆముదం, రెప్పలు, ఆరున్నర సెంటీమీటర్లు, అన్నీ. చిట్టా కూడా ఆయన చేతిలో పెట్టాను. మొదటి పేజీలో ఆయన మీద రాసిన ముక్క ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

ముందుగా నవ్వింది దానయ్య. "కళ్లకద్దుకుంటే కారిపోద్దేటి? మా అయ్య రోజూ వల కళ్లకద్దుకునీవోడు. సేపలు పడ్లేదేటి?"

"వలకి బొక్కలుంటేనే పనిరా," అన్నాడు గురయ్య. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇది నమ్మాలంటే కళ్లతో సూడాల."

అత్త మాత్రం నాకేసే చూస్తోంది. కోపంగా ఉంది. అంత కోపంగా ఆమెని ఎప్పుడూ చూడలేదు. "నన్ను అమ్మవారిని సేసి కూకోబెట్టినావు. అమ్మవారికి అతుకులు రావే, మనిసికే వస్తాయి," అంది. నేను తల దించుకున్నాను. తర్వాత గురయ్య వైపు తిరిగి, "రెండు పాత అద్దాలు తెప్పించు. రెండు కడియాలు. ఒకదాన్ని ఈ గుంట కళ్లకద్దాల, ఒకటి ఒగ్గీయాల. ఏది ఏదో నాకు సెప్పకండి," అంది.

"నీకెందుకు సెప్పొద్దు?"

"నా సెయ్యి సెప్తాది."

అత్త గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఒక కడియాన్ని ఎత్తి రెప్పలకి ఆనించాను. ఎన్నోసార్లు ప్రేమతో చేసిన పని, ఇవాళ విషం పూస్తున్నట్టు చేశాను. గురయ్య రెండింటినీ అటూ ఇటూ మార్చి బల్ల మీద పెట్టాడు.

అత్త మొదటిది అతికింది. తొంభై ఆరు "పట్టింది"లు. రెండోది అతికింది. మధ్యలో రెండు మూడుసార్లు ఆగింది, అరచెయ్యి తీసి, తొడుగు సర్దుకుని, మళ్లీ ఆనించింది. దానికీ తొంభై ఆరు. అయ్యాక, "ఏది మచ్చదో సెప్పమ్మా," అన్నాడు గురయ్య. అత్త రెండింటికేసీ చాలాసేపు చూసింది. "తొట్టిలో పెట్టండి," అంది.

మొదటిదానిలోంచి రెండు వరసలు లేచాయి. ఆరున్నర సెంటీమీటర్లు. రెండోదాన్ని తొట్టి ఎంత నొక్కినా ఒక్క బుడగ లేదు.

కొట్టం దద్దరిల్లిపోయింది. జనం కేకలు. దానయ్య వచ్చి అత్త కాళ్ల మీద పడబోతే ఆమె తోసేసింది. గురయ్య మూడు తప్పుల్నీ అక్కడికక్కడే కొట్టేశాడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. నా తొడుగులు విప్పి ఇచ్చేశాను. బాధగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ అత్త చెయ్యి నిలిచింది కదా. ఆ సంతోషం ముందు ఇదెంత అనుకున్నాను. అందరూ నవ్వుతుంటే అత్త ఒక్కతీ నవ్వలేదు. నా మీద కోపం తీరలేదనుకున్నాను.

చిట్టా ఇస్తూ గురయ్య, "నీ పుస్తకం నీ కాడే ఉంచుకో. మొదటి పేజీ సదివినాను," అన్నాడు. ఆ మాటకే రాత్రి గాలి తగ్గిస్తాడేమోనని భయపడ్డాను, తగ్గించలేదు.

అష్టమి

పొద్దున అత్త పెద్దద్దం అతికింది. కడియం చూసి ఇచ్చింది దానయ్య. నేను గుమ్మం బయట నిలబడి చూశాను. లోపలికి రావడానికి వీల్లేదు.

చేతికి తొడుగు లేకుండా, ఒట్టి అరచేతితో అతికింది అత్త. ఒక్కో పట్టుకీ ముందు సూది చూసింది, ఆ తర్వాతే "పట్టింది" అంది. ఎప్పుడూ అరగంటలో అయ్యే పని రెండు గంటలు పట్టింది. తొట్టిలో పెడితే చుక్క గాలి రాలేదు. నాలుగొందల పదమూడు. మధ్యాహ్నం నీళ్ల వడి తగ్గగానే మనుషులు అద్దాన్ని ఏడో ఇంటి గోడలో కూర్చోబెట్టి వచ్చారు. పదకొండు కుటుంబాలూ మూటలు సర్దుకుంటున్నాయి.

అందరూ వెళ్లబోతుంటే అత్త గురయ్యని ఆపింది. తన తొడుగులు మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేటమ్మా? నీ తప్పు కొట్టేసినాం కదా!"

"ఊరి తప్పు మీరు కొట్టేసినారు. నిన్న రెండు కడియాలు అతికినాను. ఒకదాని మీద నూనున్నాది, ఒకదాని మీద లేదు. నా సెయ్యికి రెండూ ఒకలాగే తెలిసినాయి. అంతకుముందు మూడుసార్లూ అంతే. నూని మీద కొమ్ము జారతంటే, పట్టింది పట్టింది అన్నాను. ఇదివరకు నాకు తెలిసీది గురయ్యా. ఒట్టేసి సెప్తన్నాను, తెలిసీది. ఎప్పుడు పోయినాదో నాకే తెలీదు."

నేను కట్టుబాటు మరిచిపోయి లోపలికి పరిగెత్తాను. "సూది చూసుకుని అతకొచ్చు కదత్తా, ఇవాళ అతికావు కదా! నీ చెయ్యి నిలబెట్టడానికే కదా నా చెయ్యి దించుకున్నాను!" అని అరిచాను. ఊరంతా చూస్తోందని కూడా తెలియలేదు.

"సూది సూసి అతకడానికి దానయ్య సాలు, నాను అక్కర్లేదు. నిన్న మీరు దించుంటే అబద్ధంగా దిగీది నా సెయ్యి. నువ్వు నిజం సెప్పి నిలబెట్టినావు. నిలబడ్డాక నిజంగా నానే దించుకుంటన్నాను." చీర కొంగుతో నా మొహం తుడిచింది, గట్టిగా, గిన్నె తుడిచినట్టు. "ఈ రెండూ ఒకటి కావే నూకీ."

ఇరవై ఎనిమిదేళ్లలో కారని అద్దాలు చూసి ఈమెని పూజించాను. ఇవాళ్టిదాకా నేను చూసింది చాలా తక్కువ. ఊరు మొత్తం నువ్వే గెలిచావంటుంటే, తన అరచెయ్యి చెప్పిన అబద్ధాన్ని తనే బయటపెట్టే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు, చూస్తాననుకోను. కళ్లకద్దుకోవడానికి కడియం లేదు సరే, ఉన్నా ఈమెకి అది సరిపోదు.

దానయ్య అత్త కొమ్ము ముందు కూర్చుని, భయం భయంగా, పెద్దద్దాలకి సూది ఎలా చదవాలో ఆమెనే అడిగాడు.

నవమి

ఏడో ఇంట్లో జనం దిగారు. మా ముసలమ్మ వెళ్లిపోయింది, నా మంచం నాకొచ్చింది. మధ్యాహ్నం అత్త మా గుమ్మంలోకి వచ్చి, "ఏటి సేస్తన్నావు?" అంది.

"ఏం చేస్తానత్తా, పనెక్కడుంది?"

"నాకూ లేదు. పద, అద్దం కాడికెల్లి సూద్దుము."

"అద్దమా? ఎందుకు?"

"నాలుగొందల పదమూడు అతికినాను. ఒక్కదాన్లోంచి కుదురుగా బయటికి సూళ్లేదే."

ఏడో ఇంట్లో వాళ్లు చాప వేసి కూర్చోబెట్టారు. మధ్యాహ్నం వెలుతురు పైనుంచి పల్చగా, నీలంగా దిగుతోంది. అత్త కూర్చోగానే కళ్లు అద్దం అంచు వెంట తిరిగాయి, చుట్టూ, ఒక్కో పట్టూ లెక్కపెడుతున్నట్టు. ఆమె గడ్డం పట్టుకుని నేనే ఇటు తిప్పాను. "అంచు కాదత్తా. నడిమికి చూడు."

చూసింది. అప్పుడే ఒక చేపల గుంపు వచ్చింది, వందలో వేలో, అన్నీ ఒక్కసారి పక్కకి తిరిగితే అద్దమంతా వెండిలా మెరిసింది. అత్త ముందుకి వంగింది.

"అయ్యేటే?"

"కవళ్లత్తా."

"కవళ్లు నాకు తెలీవేటి? యాభై ఏళ్లుగా కూర వండుతన్నాను," అని కసిరింది. గుంపు మళ్లీ తిరిగింది. అత్త నా చెయ్యి పట్టుకుని, "బతికున్నప్పుడు ఇలగుంటాయేటే ఇవి?" అంది.

వెలుతురు పోయేదాకా అక్కడే కూర్చున్నాం.